వేరు వేరు వేర్లు: ఔషధ పంటల్లో వైవిధ్యం ఎక్కడ దాగుంటుంది

మధ్యప్రదేశ్‌లోని నీమచ్ మార్కెట్‌కు అశ్వగంధ వేర్లు బస్తాల్లో వస్తాయి. కొనేవాడు గుప్పెడు వేర్లు తీసి ఒకదాన్ని విరిచి చూస్తాడు. టక్కున విరిగి లోపల తెల్లగా, పిండిపిండిగా కనిపిస్తే మంచి ధర పలుకుతుంది. నార సాగి, వంగి, విరగనని మొరాయిస్తే ధర తగ్గుతుంది. పొడవు, లావు చూసి గ్రేడు కడతారు. అదే వేరు సారం తీసే ఫ్యాక్టరీ గేటు దాకా వెళ్తే అక్కడ విరిచి చూసే పనే ఉండదు. పొడి కొట్టి, రసాయనాలను విడదీసి కొలిచే హెచ్‌పీఎల్‌సీ యంత్రంలో పరీక్షించి, మందు గుణానికి కొలమానంగా చూసే విథనోలైడ్లు ఎంత శాతం ఉన్నాయో కాగితం మీద రాసిస్తారు.

రెండు చోట్లా తేల్చుకోవాలనుకునేది వేరు మంచిదా కాదా అనే. జవాబులు మాత్రం కలవాలని లేదు. తెలుపూ పెళుసుదనమూ పిండి పదార్థం వల్ల వచ్చేవి. విథనోలైడ్లు స్టెరాయిడ్ కుటుంబానికి చెందిన అణువులు. కంటికి కనిపించవు, చేతికి తగలవు. పిండి దండిగా ఉన్న వేరులో అవీ దండిగా ఉండాలన్న నియమం ఏదీ లేదు.

వరిలో గింజ బరువు చూసి విత్తనం దాచుకోవచ్చు. మిరపలో రంగు చూడొచ్చు, కారం నాలుకకు తెలుస్తుంది. ఔషధ పంటల్లో అసలు సరుకు చాలావరకు ఇంద్రియాలకు ఆనదు. ఎన్ని తరాలు సాగు చేసినా కంటికీ ముక్కుకూ నాలుకకూ అందిన గుణాలనే మనిషి ఏరుకోగలిగాడు. అందని రసాయనాల జోలికి ఎవరూ పోలేదు కాబట్టి అడవిలో ఉన్న తేడాలు పొలంలోకీ వచ్చేశాయి. పక్కపక్కనే ఒకే ఎత్తున పెరిగిన రెండు మొక్కల్లో మందు పదార్థం ఒకదానికొకటి రెండు మూడు రెట్లు తేడా ఉండటం ఈ పంటల్లో వింతేమీ కాదు. తులసి అందరికీ తెలిసిన ఉదాహరణ. ఆకు నల్లగా ఉంటే కృష్ణ తులసి, పచ్చగా ఉంటే లక్ష్మీ తులసి అని పేర్లు పెట్టుకున్నాం. కానీ నూనె తీసి చూస్తే కొన్ని మొక్కల్లో యూజినాల్ అనే పదార్థం ప్రధానం, మరికొన్నింట్లో మిథైల్ యూజినాల్ ప్రధానం. ఆకు రంగు చూసి ఆ సంగతి చెప్పలేం.

మందు తయారుచేసేవారికి ఈ తేడా తలనొప్పి. కొత్త రకాలు తీసేవారికి ఇదే పెట్టుబడి. అయితే ఆ పెట్టుబడిని ప్రతి మొక్కా ఒకేచోట దాచుకోదు. తన పుప్పొడితో తానే గింజ కట్టుకునేది ఒకటి, పక్క మొక్క పుప్పొడి లేనిదే కట్టనిది ఇంకొకటి, అసలు గింజ జోలికే పోకుండా దుంపతో సాగిపోయేది మరొకటి. వైవిధ్యం ఎక్కడుందో, దాన్ని ఎలా బయటికి తీయాలో, ఎంతకాలం నిలుస్తుందో తేల్చేది ప్రధానంగా ఈ సంతాన పద్ధతే. ఔషధ మొక్కల మీద వచ్చే కథనాలు సాధారణంగా అణువు దగ్గర మొదలై అణువు దగ్గరే ముగుస్తాయి. పువ్వును ఎవరూ పట్టించుకోరు.

అశ్వగంధతోనే మొదలుపెడదాం. తెలుగులో దీన్ని పెన్నేరు అంటారు, వేరును పెన్నేరుగడ్డ అంటారు. రాయలసీమ మెట్ట నేలల్లోనూ ఇది సాగులో ఉంది. దీని పువ్వు చాలావరకు తన పుప్పొడితోనే గింజ కడుతుంది. ఇలాంటి మొక్కల స్వభావాన్ని డెన్మార్క్ శాస్త్రవేత్త విల్‌హెల్మ్ యొహాన్సెన్ 1903లో చిక్కుడు జాతి గింజలతో తేటతెల్లం చేశాడు. సంతలో కొన్న గింజలు ఒకే రాశిలా కనిపించినా అది అనేక వంశాల గుంపు. వంశానికీ వంశానికీ తేడా ఉంటుంది, దాన్ని ఎంపికతో పట్టుకోవచ్చు. ఒకే వంశం లోపల పెద్ద గింజ ఏరినా చిన్న గింజ ఏరినా పిల్లల్లో మార్పు రాదు. ఎందుకంటే అక్కడి తేడా నేలదీ నీళ్లదీ తప్ప పుట్టుకతో వచ్చింది కాదు.

పెన్నేరు పొలం సరిగ్గా అలాంటి గుంపు. రైతులు కలగలుపు విత్తనం చల్లుతూ వచ్చారు కాబట్టి ఒక్కో పొలంలో ఎన్నో వంశాలు దాగున్నాయి. ఒక్కో మొక్క గింజను విడిగా తీసి, విడి వరుసల్లో నాటి, వేళ్లు తవ్వి, రసాయన పరీక్ష చేసి, మేలైన వరుసను పెంచుకోవడం ఇక్కడి ప్రధాన పద్ధతి. మందసౌర్ పరిశోధన క్షేత్రం నుంచి వచ్చిన జవహర్ అశ్వగంధ్-20, 134 ఈ దారిలో ముందు పేర్లు. లక్నో కేంద్రంగా పనిచేసే సీమ్యాప్, అంటే కేంద్రీయ ఔషధ, సుగంధ మొక్కల సంస్థ, పోషిత, రక్షిత, నిమిట్లి-118 వంటి రకాలు తెచ్చింది. బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ నుంచి అర్క అశ్వగంధ వచ్చింది. సీమ్యాప్ పరిశోధన కేంద్రం ఒకటి హైదరాబాద్ బోడుప్పల్‌లోనే ఉంది.

ఈ మొక్కలో రసాయన తేడా వంశపారంపర్యమేనని తెలిసి అర్ధ శతాబ్దం దాటింది. విథనోలైడ్లలో ఒకటైన విథఫెరిన్-ఎ అణువును వేరుచేసి గుర్తించిన ఇజ్రాయెల్ శాస్త్రవేత్తలే 1960ల చివర్లో అక్కడి పెన్నేరు మొక్కలను మూడు రసాయన తెగలుగా విడదీశారు. ఒక తెగ ఆకుల్లో విథఫెరిన్-ఎ ప్రధానం, ఇంకో తెగలో విథనోలైడ్-డి, మూడోదాంట్లో వేరే విథనోలైడ్ల మిశ్రమం. బయటికి అన్నీ ఒకే మొక్క. భారతదేశంలో ఇంకో చిక్కు ఉంది. అడవిలో, బంజర్లలో పెరిగే పెన్నేరు నిటారుగా, గుబురుగా, ఏళ్ల తరబడి బతుకుతుంది. వేరు కర్రలా గట్టిపడుతుంది. పొలంలోది పొట్టిగా ఉండి ఐదారు నెలల్లో పని ముగిస్తుంది. వేరు పిండిగా ఉంటుంది. ఈ రెండింటినీ అసలు వేర్వేరు జాతులుగానే లెక్కించాలన్న వాదన కూడా శాస్త్రవేత్తల్లో ఉంది. జాతి సంగతి ఎలా తేలినా, పొలంలోని మొక్కను ఈ రూపానికి తెచ్చింది వేరు విరిచి చూసిన చేతులేనని ఊహించడం కష్టం కాదు. ఆ చేతులు పిండిని ఎంచుకున్నాయి, రసాయనాన్ని దాని మానాన వదిలేశాయి.

వంశాలను ఏరుకోవడానికి ఒక హద్దు ఉంది. గుంపులో ఉన్నదానికన్నా మేలైనది ఏరడం ద్వారా రాదు. పిండి ఒక వంశంలో, విథనోలైడ్లు ఇంకో వంశంలో ఉంటే రెంటినీ కలపడానికి సంకరం చేయాల్సిందే. తనకు తానే గింజ కట్టుకునే చిన్న పువ్వులో ముందే కేసరాలు తీసేసి, వేరే పుప్పొడి అద్దడం ఓపికతో కూడిన పని. పెన్నేరు రకాల్లో ఎంపికతో వచ్చినవే ఎక్కువ కావడానికి ఇదీ ఒక కారణం.

పసుపు దగ్గరికి వస్తే కథ తలకిందులవుతుంది. సాగులో ఉన్న పసుపుకు క్రోమోజోములు రెండు సెట్లకు బదులు మూడు సెట్లుగా, మొత్తం 63 ఉంటాయి. బేసి లెక్క కావడంతో పుప్పొడి, అండాలు సక్రమంగా తయారు కావు. గింజ కట్టడం అరుదు. రైతుకు విత్తనమంటే దుంపే. దుంపను ముక్కలు చేసి నాటిన పంట పుట్టుకరీత్యా తల్లికి నకలు. అలాంటప్పుడు తేడాలు ఉండకూడదు కదా? కానీ తెలుగు నేలమీదే దుగ్గిరాల, ఆర్మూరు, మైదుకూరు, టేకూరుపేట అంటూ ఊళ్ల పేరుతో పసుపు రకాలున్నాయి. ఏడు నెలల్లో పండే కస్తూరి తరహావి, ఎనిమిది నెలల కేసరి తరహావి, తొమ్మిది నెలలు పట్టే దుగ్గిరాల తరహావి అని కాలాన్ని బట్టి వర్గాలూ ఉన్నాయి.

నకళ్లలో తేడా ఎక్కడినుంచి వచ్చింది? ఒకటి, పూర్వం ఎప్పుడో అరుదుగా మొలిచిన గింజల నుంచి వేరు వేరు వంశాలు మొదలై ఉండాలి. రెండు, వందల ఏళ్లు దుంపతోనే సాగే మొక్కలో చిన్న చిన్న జన్యు మార్పులు తరం వెంట తరం పేరుకుంటాయి. గింజ దశ లేదు కాబట్టి వాటిని వడకట్టే జల్లెడ కూడా లేదు. ఎవరో ఒక రైతు ఒక పాదులో బాగా ఊరిన దుంపను విత్తనానికి అట్టిపెడితే ఆ మార్పు ఊరంతా పాకుతుంది. ఊరి పేరు మారినంత మాత్రాన జన్యువు మారినట్టు కాదన్నది కూడా గుర్తుంచుకోవాలి. రెండు పేర్ల కింద ఒకే వంశం ఉండొచ్చు, ఒకే పేరు కింద రెండు ఉండొచ్చు.

ఇలాంటి పంటలో మొదటి పని దేశమంతా తిరిగి దుంపలు పోగేసి, ఒకేచోట నాటి, పోల్చి చూడటం. కోజికోడ్‌లోని భారతీయ సుగంధ ద్రవ్యాల పరిశోధన సంస్థ చేసింది అదే. ఆ సంస్థ ఇంకో అడుగు కూడా వేసింది. అరుదుగా కట్టిన గింజలను ఏరి, మొలిపించి, ఆ మొలకల్లోంచి ప్రభ, ప్రతిభ అనే రెండు రకాలను తీసింది. రెండింట్లోనూ కర్క్యుమిన్, అంటే పసుపుకు రంగునిచ్చే ముఖ్య పదార్థం, ఆరు శాతం దాటుతుంది. సాధారణ మార్కెట్ రకాల్లో మూడు శాతం దరిదాపుల్లో ఉండే సరుకు ఎక్కువ. అంటే నకళ్ల వెనక దాక్కున్న వైవిధ్యాన్ని గింజ ఒక్కసారిగా విప్పి చూపించింది. గింజ నుంచి పుట్టిన పసుపు మొక్కల్లో క్రోమోజోముల సంఖ్యే 63 కాకుండా పోయిన సందర్భాలున్నాయి. ఏళ్ల తరబడి కదలని పంటలో ఒక్క గింజ ఇంత కదలిక తేగలదన్నది పసుపు పరిశోధనలో బహుశా అన్నిటికన్నా ఆసక్తికరమైన విషయం. దానికి దక్కాల్సినంత పేరు దక్కలేదు.

అయితే ఆరు శాతం అన్న అంకె చూసి పొంగిపోవడానికి లేదు. ఎకరానికి ఎండు పసుపు 25 క్వింటాళ్లు ఇచ్చే రకంలో కర్క్యుమిన్ మూడు శాతం అనుకుందాం. ఎకరానికి 75 కిలోల కర్క్యుమిన్. 12 క్వింటాళ్లే ఇచ్చే రకంలో ఆరు శాతం ఉన్నా వచ్చేది 72 కిలోలే. పైగా పచ్చి దుంప ఎండితే మిగిలే వంతు కూడా రకాన్ని బట్టి మారుతుంది. అందుకే రకం తీసేవారు శాతాన్నీ దిగుబడినీ కలిపి చూడాలి. ఇంకో మెలిక నేలది. ఒకే దుంపను రెండు ప్రాంతాల్లో నాటితే కర్క్యుమిన్ శాతం రెండు రకాలుగా రావడం తరచూ కనిపించేదే. మేఘాలయలోని లకడాంగ్ పసుపులో ఏడు శాతం వరకూ ఉంటుందని విని ఆ దుంపను తెచ్చి నిజామాబాద్‌లో నాటినంత మాత్రాన అంతే వస్తుందన్న హామీ లేదు. వంశం ఇచ్చే వాటా ఎంత, చోటు ఇచ్చే వాటా ఎంత అన్నది ఒకే రకాన్ని అనేక చోట్ల, అనేక ఏళ్లు పండిస్తే తప్ప తెలియదు. ఒక్క ఏడాది, ఒక్క మడి అంకెలతో రకాలకు ప్రచారం చేసే అమ్మకందారులు ఈ సంగతి చెప్పరు.

మార్కెట్ తీరు దీనికి తోడైంది. దుగ్గిరాల యార్డులో కొమ్ములు, కాయలు అని వేరు చేస్తారు. నిజామాబాద్‌లో కొమ్ము, గోళ అంటారు. ధర తేల్చేది ముఖ్యంగా పొడవు, గట్టిదనం, రంగు, మెరుగు, తేమ. కర్క్యుమిన్ కొలిచి ధర కట్టడం యార్డుల్లో మామూలు అలవాటు కాదు. ఆరు శాతం దుంపనూ మూడు శాతం దుంపనూ కాంటా ఒకేలా తూస్తుంది. అందువల్ల రైతు విత్తనానికి దాచే దుంప బరువునూ, పంట కాలాన్నీ బట్టి ఎంపికవుతుంది, ఇందులో రైతు తప్పేమీ లేదు. కోజికోడ్ సంస్థ తెచ్చిన ప్రగతి రకం తెలంగాణ రైతులకు నచ్చడానికి అందులోని ఐదు శాతం కర్క్యుమిన్ కన్నా అది 180 రోజుల్లో చేతికి రావడమే పెద్ద కారణం అయ్యుండాలి. రెండు మూడు నెలలు ముందు పొలం ఖాళీ అయితే నీటి తడులు మిగులుతాయి, ఇంకో పంట వేసుకోవచ్చు. 2025 జనవరిలో నిజామాబాద్ కేంద్రంగా జాతీయ పసుపు బోర్డు మొదలైంది. నాణ్యతను బట్టి ధర అనే మాట యార్డులో అమలైతే విత్తనపు దుంప ఎంపికా మారుతుంది. లేకపోతే పరిశోధన సంస్థ ఒక వైపు, రైతు ఇంకో వైపు ఏరుతూనే ఉంటారు.

మూడో దారి ఆర్టిమీసియా యాన్యువాది. వినాయక చవితి పత్రిలో వాడే మాచిపత్రికి ఇది దగ్గరి చుట్టం. మలేరియా మందు ఆర్టిమిసినిన్ దీని ఆకు మీది సన్నని గ్రంథుల్లో తయారవుతుంది. చైనాలో మలేరియా మందు వెతకడానికి 1967 మే 23న మొదలైన ప్రాజెక్టు 523లో పనిచేసిన తూ యూయూ బృందం 1972లో దీన్ని వేరుచేసింది. ఆమెకు 2015లో నోబెల్ వచ్చింది. నాలుగో శతాబ్దపు చైనా వైద్య గ్రంథంలో ఈ ఆకును వేడిచేయకుండా నీళ్లలో నానబెట్టి పిండుకోమని ఉండటం చూసి, ఆమె తక్కువ వేడిలో ఈథర్‌తో సారం తీసిన కథ చాలామందికి తెలుసు. సారం తీసే పద్ధతి ఒక్కటే సరిపోలేదని మాత్రం తక్కువగా చెబుతారు. సరైన జాతి, సరైన కాలంలో కోసిన ఆకు కూడా దొరకాలి. కొన్ని ప్రాంతాల మొక్కల్లో ఆర్టిమిసినిన్ పదో వంతు శాతం కూడా ఉండదు. కొన్నింట్లో ఎండు ఆకు బరువులో ఒక శాతం దాటుతుంది.

ఈ మొక్క తన పుప్పొడిని తానే ఒప్పుకోదు. పక్క మొక్క పుప్పొడి గాలిలో వచ్చి పడాలి. ఫలితంగా పొలంలో ఏ రెండు మొక్కలూ ఒకటి కావు. ఇక్కడ వైవిధ్యం వంశాల మధ్య కన్నా ప్రతి మొక్క లోపలే, జత జన్యువుల్లో దాగుంటుంది. ఒక మేలైన మొక్కను పట్టుకుంటే సరిపోదు; దాని గింజల నుంచి వచ్చే పిల్లలు మళ్లీ చెల్లాచెదురవుతాయి. స్విట్జర్లాండ్‌లో తయారైన ఆర్టెమిస్ అనే సంకర రకంలో దీనికి ఒక ఉపాయం ఉంది. రెండు తల్లిదండ్రుల మొక్కలను కొమ్మలతో నకళ్లుగా పెంచి, ఏటా వాటినే జతచేసి విత్తనం తీస్తారు. అయినా ఆ పొలంలోనూ మొక్కకూ మొక్కకూ తేడా కనిపిస్తుంది. బ్రిటన్‌లోని యార్క్ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు ఆ తేడానే వాడుకుని 2010లో ఈ మొక్క జన్యు పటం గీశారు; దిగుబడికి ముడిపడిన జన్యు భాగాలను గుర్తించి కొత్త సంకరాలు తీశారు. ఎక్కువ, తక్కువ ఆర్టిమిసినిన్ తెగల మధ్య తేడాకు ఒక కారణం కూడా దొరికింది. అణువు తయారయ్యే దారి ఒకచోట రెండుగా చీలుతుంది. ఒక దారి ఆర్టిమిసినిన్ వైపు, ఇంకోటి పనికిరాని బంధువు వైపు. మలుపు దగ్గర ఉండే ఒక ఎంజైమును నడిపే జన్యువు ఎంత చురుగ్గా ఉంటే సరుకు అంతగా మొదటి దారి పడుతుంది.

మనదేశంలో సీమ్యాప్ జీవన్‌రక్ష, సిమ్-ఆరోగ్య రకాలు తెచ్చింది. కానీ ఈ పంట రైతును నిలకడగా నిలబెట్టలేదు. 2005 ప్రాంతంలో కిలో వెయ్యి డాలర్లు దాటిన ఆర్టిమిసినిన్ రెండేళ్లలో రెండు వందల దరిదాపుకు పడింది. ఆ తర్వాత ఈస్టు అనే సూక్ష్మజీవితో తయారైన ముడిసరుకు కూడా బరిలోకి దిగింది. మంచి రకం ఉండటం ఒకటి, దానికి గిట్టుబాటు ఉండటం ఇంకొకటి.

వైవిధ్యం అంటే ప్రతిసారీ కొంచెం ఎక్కువ, కొంచెం తక్కువ అనే కాదు. గసగసాల మొక్కలో నోస్కపిన్ అనే దగ్గు మందు పదార్థం కొన్ని రకాల్లో పుష్కలంగా ఉంటుంది, కొన్నింట్లో అసలుండదు. యార్క్ బృందం 2012లో దీని గుట్టు విప్పింది. నోస్కపిన్ తయారీకి కావాల్సిన పది జన్యువులు ఒకే క్రోమోజోము మీద పక్కపక్కనే గుంపుగా ఉన్నాయి. ఉన్న రకంలో పదీ ఉన్నాయి, లేని రకంలో పదీ లేవు. సంకరం చేసేవారికి ఇంతకన్నా సుఖం ఉండదు: పది జన్యువులను వెంటాడక్కర్లేదు, ఒక మూటను వెంటాడితే చాలు.

కొన్నిసార్లు రసాయనాన్ని ముట్టుకోకుండానే రసాయనం పెరుగుతుంది. సునాముఖి, అదే నేలతంగేడు, విరేచన మందుకు పనికొచ్చే సెనోసైడ్ల కోసం పండిస్తారు. పూత మొదలయ్యాక మొక్క ఆకును వదిలేసి కాయ మీద పడుతుంది. గుజరాత్‌లోని ఆణంద్ నుంచి వచ్చిన ఏఎల్ఎఫ్‌టీ-2 రకం గొప్పదనం అంతా ఆలస్యంగా పూయడంలోనే ఉంది. పూత వెనక్కి జరిగితే ఆకు కోత ముందుకు సాగుతుంది. పూత తేదీ కంటితో చూసి రాసుకోగలిగిన గుణం, యంత్రం అక్కర్లేదు.

యంత్రం చూపే అంకె వెంట పడితే వచ్చే ప్రమాదాన్ని పెన్నేరే చూపించింది. విథఫెరిన్-ఎ వేరులో కన్నా ఆకులో చాలా ఎక్కువ. విథనోలైడ్ శాతానికే డబ్బులిచ్చే మార్కెట్లో వేరు సారంలో ఆకు సారం కలపడానికి ఆశ పుడుతుంది. ఆకు వాడకం మానుకోవాలని ఆయుష్ మంత్రిత్వ శాఖ 2021లో తయారీదారులకు సూచించాల్సి వచ్చింది. రకాలు తీసేవారికీ ఇదే హెచ్చరిక వర్తిస్తుంది. వేరు పొడిని పాలలో కలిపి తాగే సంప్రదాయ వాడుక ఏ ఒక్క అణువునో ఉద్దేశించి పుట్టింది కాదు. ఒకే అణువు పెంచుతూ పోయే ఎంపికలో మిగతా మిశ్రమం ఎటు జరుగుతుందో కొలవకపోతే, కొత్త రకం పాత మందు కాకుండా పోవచ్చు.

ఇక మిగిలేది ఈ పెట్టుబడిని దాచుకోవడం. ఇక్కడా మళ్లీ సంతాన పద్ధతే రాజ్యమేలుతుంది. పెన్నేరు గింజలను ఎండబెట్టి, కవర్లో మూసి, చలి గదిలో పెడితే ఏళ్ల తరబడి నిలుస్తాయి. ఒక్కో వంశానికి గుప్పెడు గింజలు చాలు. ఆర్టిమీసియాకు గుప్పెడు చాలవు, చాలా మొక్కల నుంచి తీసిన గింజలు కావాలి. నాలుగు మొక్కల నుంచి తీసి పెట్టుకుంటే ఆ ప్రాంతపు వైవిధ్యంలో చాలా భాగం బయటే ఉండిపోతుంది. పసుపుకు ఈ సౌకర్యం ఏదీ లేదు. ఒక్కో వంశాన్నీ విడి మడిలో, పేరు బోర్డు పెట్టి, ఏటా తవ్వి, ఏటా నాటాలి. లేదంటే ప్రయోగశాలలో గాజు సీసాల్లో కణజాలంగా పెంచుతూ ఉండాలి. కూలీలు, నీళ్లు, స్థలం ప్రతి సంవత్సరం కావాలి. ఏ ఏడాదైనా దుంపకుళ్లు ఒక మడిని పట్టి, దానికి ఇంకోచోట నకలు లేకపోతే, ఆ వంశం పేరు రిజిస్టరులో మాత్రమే మిగులుతుంది.